టీటీ వేయించుకున్నాం కదా, ఇంకేం భయం? మట్టి గాయానికి ముందు కావాల్సింది నీళ్లు

ఊరి నుంచి ఫోన్ వస్తుంది. "మీ నాన్న కాల్లో సీసా పెంకు దిగిందిరా. కంగారేం లేదు, టీటీ చేయించాం. బిళ్లలు కూడా ఇచ్చారు" అంటుంది అమ్మ. హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో ఉన్న కొడుకు హమ్మయ్య అనుకుని ఫోన్ పెట్టేస్తాడు. నాలుగో రోజు మళ్లీ ఫోన్. కాలు వాచింది, జ్వరం వచ్చింది, కుట్ల మధ్య నుంచి చీము కారుతోంది.

చల్లపల్లి, ఘంటసాల, మోపిదేవి, అవనిగడ్డ, నాగాయలంక, కోడూరు. కృష్ణా నది సముద్రంలో కలిసే ఈ చివరి మండలాల్లో సొంతూరు ఉన్నవాళ్లకు ఈ రెండు ఫోన్లూ కొత్త కాదు. అయితే మొదటి ఫోన్‌లో ఎవరూ అడగని ప్రశ్న ఒకటి ఉంటుంది. గాయం కడిగారా? ఎన్ని నీళ్లతో?

మట్టి, పేడ, మురుగునీరు తగిలిన గాయం చీము పట్టకుండా ఆపేది ముందు ఆ కడగడమే. టీటీ ఇంజెక్షన్, యాంటీబయాటిక్ బిళ్లలు దాని తర్వాతే వస్తాయి. మనం మాత్రం మొదటి మెట్టు వదిలేసి మిగతా రెండూ ఎక్కుతున్నాం. అదెందుకు ప్రమాదమో, ప్రభుత్వాసుపత్రిలో ఏం అడగాలో చూద్దాం.

మట్టి గాయం ఎందుకు వేరు?

వంటింట్లో కూరగాయలు కోస్తుంటే తెగిన వేలు, దమ్ము చేస్తున్న పొలంలో ట్రాక్టరు ఇనుప చక్రం తగిలి చీలిన కాలు ఒకటి కాదు. మొదటిది శుభ్రమైన, అంచులు సాఫీగా ఉన్న గాయం. రెండో దాంట్లో కండ నలిగిపోతుంది, కొంత భాగానికి రక్తం అందదు, లోపలికి బురద, గడ్డి పరకలు, బట్ట పీలికలు వెళ్తాయి.

సూక్ష్మక్రిములకు కావాల్సింది సరిగ్గా ఇదే. చచ్చిన కండ వాటికి తిండి, మట్టి రేణువులు దాక్కునే చోటు. శుభ్రమైన గాయంలో శరీరం సులువుగా చంపేయగలిగినన్ని క్రిములే, లోపల ఒక పుల్లముక్క ఉంటే చీము పట్టించగలవు. గాలి తగలని లోతైన గాయమైతే ధనుర్వాతం, గ్యాస్ గ్యాంగ్రీన్ కలిగించే బ్యాక్టీరియాకు అనువైన చోటు. వీటి బీజాలు మట్టిలోనూ పశువుల పేడలోనూ ఉంటాయి. ఎండకు ఎండినా ఏళ్ల తరబడి చావవు.

డెల్టాలో ఇలాంటి గాయాలకు కొదవ లేదు. వరి చేలో కొడవలి, బోదెలో పగిలిన సీసా, చెరువు గట్టున మేకు, వలలో జెల్ల ముల్లు, రొయ్యల చెరువులో ఏరియేటర్ రెక్క, 216 జాతీయ రహదారి మీద బైక్ జారి గరప మీద ఈడ్చుకుపోయిన మోకాలు. అన్నిటికీ మొదటి వైద్యం ఒకటే.

కడగడం అంటే ఎంత కడగాలి?

ముందు రక్తం ఆపాలి. శుభ్రమైన గుడ్డతో గాయం మీద గట్టిగా అదిమి, మధ్యమధ్యలో తీసి చూడకుండా పది నిమిషాలు పట్టుకుంటే చాలా గాయాల్లో రక్తస్రావం తగ్గిపోతుంది. రక్తం చిమ్ముతున్నా, ఎముక కనిపిస్తున్నా, లోతుగా ఏదైనా గుచ్చుకుని ఉన్నా కడుగుతూ కూర్చోకూడదు. గుచ్చుకున్నదాన్ని పీకకుండా, అదుముతూ 108కి ఫోన్ చేయాలి.

మిగతా గాయాలను ధారగా పడే నీటి కింద పెట్టాలి. తడి దూదితో తుడవడం కడగడం కాదు. వైద్యులు వాడే కొలత ప్రకారం గాయం ప్రతి సెంటీమీటరు పొడవుకూ 50 నుంచి 100 మిల్లీలీటర్ల నీళ్లు కావాలి. అంటే ఐదు సెంటీమీటర్ల గాయానికి పావు లీటరు నుంచి అర లీటరు. బురద ఎక్కువగా ఉంటే మట్టి కనిపించనంత వరకూ పోస్తూనే ఉండాలి.

ఏ నీళ్లు? తాగే నీళ్లు. మామూలు గాయాలను శుభ్రమైన కుళాయి నీటితో కడిగినా సెలైన్‌తో కడిగినా ఫలితంలో పెద్ద తేడా లేదని పలు అధ్యయనాలను కలిపి చూసిన సమీక్షలు చెబుతున్నాయి. తీర గ్రామాల్లో బోరు నీళ్లు ఉప్పగా ఉంటాయి, కాల్వ నీళ్లు నమ్మలేం. కానీ ఇవాళ తాగునీటి క్యాన్ లేని ఇల్లు తక్కువ. ఆ క్యానే మొదటి మందు. గాయం చుట్టూ ఉన్న చర్మాన్ని సబ్బుతో కడగాలి, లోపల నీళ్లు మాత్రం చాలు.

నీటిని పెద్ద ఒత్తిడితో కొట్టాల్సిన పని కూడా లేదు. ఎముక విరిగి బయటపడిన గాయాల మీద పలు దేశాల్లో, మన దేశంతో సహా, 2,400 మందికి పైగా రోగులతో జరిగిన ఫ్లో అనే అధ్యయనం 2015లో వెలువడింది. తక్కువ ఒత్తిడితో కడిగినా ఫలితం అంతేనని, గాయం లోపలికి సబ్బు నీటి కన్నా ఉత్త సెలైన్ మేలని అందులో తేలింది.

దీనికి ఒక మినహాయింపు ఉంది. కుక్క, పిల్లి, కోతి కరిచిన గాయాలను సబ్బు పెట్టి ధారగా పడే నీటి కింద కనీసం 15 నిమిషాలు కడగాలి. రేబిస్ వైరస్ పైపొరను సబ్బు దెబ్బతీస్తుంది. ఆ వెంటనే రేబిస్ టీకా కోసం ఆసుపత్రికి వెళ్లాలి.

పసుపు, సున్నం, కాఫీ పొడి, కిరోసిన్ వద్దు. పసుపు మంచిదే కదా అనవచ్చు. కూరలో మంచిదే. తెరుచుకున్న గాయంలో వేసిన ఏ పొడి అయినా ఆసుపత్రిలో మళ్లీ కడిగి తీయాల్సిన మరో మట్టి.

వెంటనే కుట్లు వేయకపోతే నిర్లక్ష్యమా?

ఆసుపత్రిలో ఎక్కువ గొడవలు ఇక్కడే. "ఇంత తెగితే కుట్టకుండా కట్టు కట్టి పంపేశారు" అని బంధువులు కోపపడతారు. చాలాసార్లు అదే సరైన వైద్యం.

మట్టి పడిన గాయాన్ని పైపైన తుడిచి కుట్టేస్తే చచ్చిన కండనూ క్రిములనూ లోపల పెట్టి మూత వేసినట్టే. పైకి చక్కగా కనిపిస్తుంది, మూడో రోజు నుంచి లోపల చీము మొదలవుతుంది. కలుషితమైన గాయాలను, ఆరు గంటలు దాటిపోయిన గాయాలను వెంటనే మూయవద్దని విపత్తుల్లో గాయాల చికిత్సకు ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇచ్చిన మార్గదర్శకాలు చెబుతున్నాయి. బాగా కడగాలి, చచ్చిన కండ కత్తిరించి తీసేయాలి, తడి కట్టు కట్టి తెరిచే ఉంచాలి. రెండు మూడు రోజుల తర్వాత విప్పి చూసి, శుభ్రంగా ఉంటే అప్పుడు కుట్టాలి.

ముఖం మీద గాయాల్లాంటివి దీనికి మినహాయింపు కావచ్చు. అక్కడ రక్త ప్రసరణ ఎక్కువ కాబట్టి బాగా కడిగి ముందే కుట్టే వీలుంటుంది. ఆ నిర్ణయం డాక్టరుది.

అంటే మట్టి గాయానికి వైద్యం ఒక్కరోజు పని కాదు. రెండోసారి, మూడోసారి వెళ్లాలి. కూలి పని చేసుకునేవారికి అది రెండు రోజుల కూలి. ఎదురుమొండి లాంటి దీవి గ్రామాల వారికి రెండుసార్లు నది దాటడం. "మొదటి రోజే కుట్టేయండి సార్" అన్న ఒత్తిడి అక్కడి నుంచే వస్తుంది. కట్టు మార్చే పని ఇంటికి దగ్గర్లోని ఆరోగ్య ఉపకేంద్రంలో జరిగితే ఆ ఒత్తిడి సగం తగ్గుతుంది.

టీటీ ఏం చేస్తుంది, ఏం చేయదు?

టీటీ ఒక్క ధనుర్వాతాన్నే ఆపుతుంది. చీమును ఆపదు, వాపును ఆపదు, గ్యాంగ్రీన్‌నూ ఆపదు. "టీటీ వేశారుగా, మరి చీమెందుకు పట్టింది" అన్న ప్రశ్నకు జవాబు ఇదే.

ధనుర్వాతం విషయంలో కూడా అసలు సంగతి వేరే ఉంది. జీవితంలో మొదటిసారి టీటీ వేయించుకున్న వ్యక్తికి ఆ డోసు ఈ గాయం నుంచి రక్షణ ఇవ్వదు. శరీరం కొత్తగా నేర్చుకుని తగినంత రక్షణ తయారు చేసుకోవడానికి వారాలు, మరిన్ని డోసులు కావాలి. ధనుర్వాతం సాధారణంగా 3 నుంచి 21 రోజుల్లో బయటపడుతుంది. గతంలో మూడు డోసులు పూర్తయిన వారిలో మాత్రం శరీరానికి పాఠం ముందే వచ్చు, ఒక్క డోసుతో గుర్తుకొస్తుంది.

అందుకే ఆసుపత్రిలో అడగాల్సిన మొదటి ప్రశ్న "ఇదివరకు ఎన్ని డోసులు పడ్డాయి, చివరిది ఎప్పుడు?" అన్నది.

మూడు డోసులు పూర్తయి, చివరిది ఐదేళ్ల లోపు అయితే మట్టి గాయమైనా మళ్లీ అక్కర్లేదు. ఐదేళ్లు దాటితే మట్టి గాయానికి ఒక బూస్టర్ కావాలి. శుభ్రమైన చిన్న గాయానికైతే ఈ గడువు పదేళ్లు.

మూడు డోసులు పడలేదు, లేదా గుర్తే లేదు అనుకుందాం. అప్పుడు మట్టి గాయానికి టీకా ఒక్కటీ చాలదు. టిఐజీ అనే రెండో ఇంజెక్షన్ కూడా కావాలి. ఇది ధనుర్వాతం విషానికి విరుగుడుగా ముందే తయారైన యాంటీబాడీలు. సాధారణ మోతాదు 250 యూనిట్లు, టీకా వేసిన చోట కాకుండా వేరే చోట వేస్తారు. టీకా శరీరానికి నేర్పుతుంది, టిఐజీ అది నేర్చుకునేదాకా కాపలా కాస్తుంది. తర్వాత కనీసం నాలుగు వారాలకు రెండో డోసు, ఆ తర్వాత ఆరు నెలల నుంచి ఏడాది లోపు మూడో డోసు వేయించుకోవాలి. చాలామంది ఈ రెండింటికీ తిరిగి వెళ్లరు. గాయం మానిపోయాక ఇంజెక్షన్ ఎందుకనుకుంటారు.

పేరు గురించి ఒక మాట. 2019 నుంచి ప్రభుత్వ టీకా కార్యక్రమంలో టీటీ స్థానంలో టీడీ వచ్చింది. ధనుర్వాతంతో పాటు డిఫ్తీరియా నుంచి కూడా ఇది రక్షిస్తుంది. జనం నోట ఇంకా టీటీయే.

మరి నాన్నకు ఎన్ని డోసులు పడ్డాయి?

ధనుర్వాతం మీద మన రాష్ట్రానికి ఘనమైన చరిత్ర ఉంది. నవజాత శిశువుల్లో దీన్ని నిర్మూలించినట్టు 2003లోనే ఆంధ్రప్రదేశ్‌కు ధ్రువీకరణ వచ్చింది. దేశంలో ఆ మెట్టు ముందుగా ఎక్కిన రాష్ట్రం మనది. దేశం మొత్తానికి ఆ గుర్తింపు 2015లో వచ్చింది. గర్భిణులకు టీకాలు, ఆసుపత్రి కాన్పులు, శుభ్రంగా బొడ్డు కోయడం దాని వెనకున్న పనులు.

కానీ ఆ విజయం తల్లులది, పిల్లలది. ఇప్పటి పిల్లలకు ఆరు, పది, పద్నాలుగు వారాలకు, ఆపైన ఒకటిన్నర ఏడు, ఐదేళ్ల వయసుల్లో, మళ్లీ 10, 16 ఏళ్లకు ఈ టీకా పడుతుంది. స్త్రీలకు ప్రతి గర్భంలోనూ పడుతుంది. దేశంలో టీకాల కార్యక్రమం మొదలైందే 1978లో, అందరికీ విస్తరించింది 1985 నుంచి. 1960లో పుట్టిన రైతు అప్పటికి పిల్లాడు కాదు, గర్భిణి ఎప్పుడూ కాలేడు. ఆయన కోసం ఏ టీకా కార్డూ తయారు కాలేదు.

గాయమైనప్పుడల్లా వేయించుకున్న టీటీలే ఆయన చరిత్ర. అవి రెండా, పదా అన్నది ఎక్కడా రాసి లేదు. రాసి లేకపోతే లేనట్టే లెక్కగట్టి వైద్యం చేయాలి. పొలంలో అందరికన్నా ఎక్కువ మట్టి గాయాలు తగిలే మనిషే టీకా లెక్కల్లో అందరికన్నా తక్కువ కనిపిస్తాడు.

పైగా ధనుర్వాతం ఒకరి నుంచి ఒకరికి సోకే జబ్బు కాదు. చుట్టూ ఉన్నవారంతా టీకా వేయించుకున్నా వేయించుకోని వ్యక్తికి రక్షణ రాదు. ఒకసారి జబ్బు వచ్చి తగ్గినా మళ్లీ రాదన్న హామీ లేదు. ఎవరి డోసులు వారివే.

యాంటీబయాటిక్ బిళ్లలు వేసుకోవద్దా?

అవసరమైన గాయాలున్నాయి. ఎముక విరిగి బయటపడినవి, లోతైన గుచ్చుడు గాయాలు, జంతువుల కాట్లు, బాగా నలిగినవి, షుగర్ ఉన్నవారి పాదాల గాయాలు. ఎముక బయటపడిన గాయానికి యాంటీబయాటిక్‌ను రక్తనాళంలోకి వీలైనంత త్వరగా, గంటలోపు ఇవ్వాలన్నది బ్రిటన్ ఆర్థోపెడిక్ ప్రమాణం. పొలం మట్టి, మురుగు, చెరువు నీరు కలిసిన అలాంటి గాయాన్ని ఆలస్యం లేకుండా ఆపరేషన్ థియేటర్లో శుభ్రం చేయాలని కూడా అదే చెబుతుంది.

కానీ కడగని గాయానికి బిళ్లలు అడ్డుగోడ కాదు. రక్తం అందని చచ్చిన కండలోకి మందు ఎలా చేరుతుంది? బాగా కడిగిన చిన్న గాయానికి చాలాసార్లు యాంటీబయాటిక్ అవసరమే ఉండదు. మందుల షాపులో మూడు రోజులకు కట్ చేసి ఇచ్చిన బిళ్లలు గాయాన్ని కాపాడవు. పైగా ఆ మందుకు లొంగని క్రిములను పెంచుతాయి. కొన్ని యాంటీబయాటిక్స్‌ను చీటీ లేకుండా అమ్మకూడదని, అమ్మిన లెక్క రాయాలని చెప్పే హెచ్1 షెడ్యూల్ 2014 మార్చి నుంచి అమల్లో ఉంది.

ఉప్పునీటి గాయాలు, వరిపొలం జ్వరాలు

డెల్టాకు ప్రత్యేకమైన ప్రమాదాలు కొన్ని ఉన్నాయి. వెచ్చటి ఉప్పు కలిసిన నీటిలో విబ్రియో జాతి బ్యాక్టీరియా ఉంటుంది. రొయ్యల చెరువుల్లో, నదీముఖాల్లో పనిచేసేవారికి ముల్లు గుచ్చుకున్న చోట నుంచి ఇది లోపలికి వెళ్లగలదు. కాలేయ జబ్బు, షుగర్ ఉన్నవారిలో గంటల్లోనే ముదురుతుంది. గాయం చిన్నదే అయినా నొప్పి భరించలేనంతగా ఉంటే, ఎరుపు గంట గంటకూ పాకుతుంటే, నల్లటి బొబ్బలు వస్తుంటే, నొక్కితే చర్మం కింద కరకరమంటే తెల్లారేదాకా ఆగకూడదు.

రెండోది మెలియాయిడోసిస్. తడి మట్టిలో ఉండే బ్యాక్టీరియా వల్ల వస్తుంది. గీరుకుపోయిన చర్మం దాని దారుల్లో ఒకటి. 2025 సెప్టెంబరులో గుంటూరు పక్కన తురకపాలెంలో వరుస మరణాల వెనక ఈ జబ్బు ఉందేమోనన్న అనుమానం రావడంతో ఈ పేరు మన వార్తల్లోకి వచ్చింది. మట్టి పని చేసేవారికి గాయం తర్వాత జ్వరం వదలకపోతే డాక్టరుకు ఆ గాయం సంగతి చెప్పాలి, రక్తం కల్చర్ పరీక్ష అవసరమా అని అడగాలి. మామూలు జ్వరం మందులతో ఇది లొంగదు.

ఎక్కడికి వెళ్లాలి? ఏం అడగాలి?

చిన్న గాయానికి దగ్గర్లోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రం. టీడీ, కట్టు, రేబిస్ టీకా అక్కడ ఉచితం. లోతైన గాయానికి చల్లపల్లి, అవనిగడ్డ ప్రభుత్వాసుపత్రులు. ఎముక, నరం, స్నాయువు తెగినవాటికి మచిలీపట్నం. అక్కడ 2023లో ప్రభుత్వ వైద్య కళాశాల మొదలైంది. గుడివాడ వైపు వారికి అక్కడి ఏరియా ఆసుపత్రి ఉంది. రోడ్డు ప్రమాదమైతే, 2025 మే నెలలో కేంద్రం నోటిఫై చేసిన నగదు రహిత చికిత్స పథకం కింద గుర్తింపు పొందిన ఆసుపత్రుల్లో ఏడు రోజుల వరకూ, లక్షన్నర రూపాయల దాకా వైద్యం అందాలి.

వెళ్లాక అడగాల్సినవి నాలుగే. గాయం లోపలి దాకా కడిగారా? టిఐజీ అవసరమా, ఉందా? మళ్లీ ఎప్పుడు విప్పి చూస్తారు? టీడీ తర్వాతి డోసు తేదీ ఏది? ఆ తేదీని చీటీ మీద రాయించుకుని ఫోన్‌లో ఫోటో తీసుకోండి. ఇంట్లో పెద్దవాళ్లకు అదే టీకా కార్డు.

వ్యవస్థను అడగాల్సినదీ ఉంది. 2018 ఆగస్టులో దివిసీమలో పాము కాట్లు పెరిగినప్పుడు ఆసుపత్రిలో విరుగుడు మందు ఉందా లేదా అన్నది రాష్ట్రమంతా వార్త అయింది. మోపిదేవిలో సర్పయాగం కూడా జరిగింది. అప్పుడు పడిన ఒత్తిడి మందు నిల్వల మీద చూపు పెట్టేలా చేసింది. జాతీయ అత్యవసర మందుల జాబితాలో ఉన్న టిఐజీ గురించి అలాంటి ప్రశ్న ఎవరూ వేయరు. ఎన్ని టీటీలు వేశారన్నది రిజిస్టరులో ఉంటుంది. ఎన్ని గాయాలను సరిగ్గా కడిగారు, ఎంతమంది మూడో రోజు తిరిగొచ్చారు అన్నది ఉండదు. లెక్కలో లేని పని రద్దీ రోజున ముందుగా ఎగిరిపోతుంది. గాయం కడగడానికి కావాల్సింది ధారగా నీళ్లు వచ్చే కుళాయి, నొప్పి తెలియకుండా మత్తు ఇంజెక్షన్, పదిహేను నిమిషాలు కేటాయించగల నర్సు. మూడింటిలో ఖరీదైనది ఆ పదిహేను నిమిషాలే.

తుపాను వచ్చాక కాదు, రాకముందు

1977 నవంబరు 19 ఉప్పెన దివిసీమలో వేల మందిని పొట్టన పెట్టుకుంది. 2024 సెప్టెంబరులో ప్రకాశం బ్యారేజీ నుంచి 11 లక్షల క్యూసెక్కులకు పైగా వరద దిగువకు వచ్చి లంక గ్రామాలు మునిగాయి. 2025 అక్టోబరు 28న మొంథా తుపాను తీరం దాటింది. ఈ ప్రాంతానికి తుపాను వస్తుందా అన్నది ప్రశ్న కాదు, ఎప్పుడన్నదే.

గాలి ఆగాక గాయాలు ఆగవు. ఎగిరిన రేకులు, విరిగిన కొమ్మలు, బురదలో మేకులు. ఇల్లు సర్దుకునేటప్పుడు, రోడ్డు మీద చెట్లు కొట్టేటప్పుడు గాయాలు మొదలవుతాయి. 2004 డిసెంబరు సునామీ తర్వాత ఇండోనేషియాలోని ఆచే ప్రాంతంలో కొద్ది వారాల్లోనే 106 ధనుర్వాతం కేసులు వచ్చాయి, 20 మంది చనిపోయారు. నీళ్ల నుంచి బతికి బయటపడి, గాయంతో పోయినవాళ్లు.

ఆ తర్వాత హడావుడిగా వేసే మొదటి డోసు ఆ గాయానికి పనికిరాదని పైన చూశాం. కాబట్టి పారిశుధ్య కార్మికులు, విద్యుత్ లైన్‌మెన్, మత్స్యకారులు, 45 ఏళ్లు దాటిన రైతులు, కూలీలకు మూడు డోసులు తుపాను సీజనుకు ముందే పూర్తిచేయాలి. టీకా ఉంది, వేసే ఏఎన్ఎం ఉన్నారు, ఇంటింటికీ వెళ్లే ఆశా కార్యకర్త ఉన్నారు. లేనిది ఈ మగవాళ్ల పేర్లున్న జాబితా.

అది వచ్చేలోగా మన వంతు పని ఒకటుంది. ఈసారి ఊరి నుంచి ఫోన్ వస్తే "టీటీ చేయించారా" అని మొదట అడగకండి. "అమ్మా, ముందు క్యాన్ నీళ్లు ధారగా పోసి కడుగు. మట్టి కనపడనంత వరకూ పొయ్యి. తర్వాత ఆసుపత్రికి బయల్దేరండి" అని చెప్పండి.